మనసులో ఉంది, అడుగే పడడం లేదు
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడింటిని ఒకచోట చేర్చాను. మూడూ హైదరాబాద్ నుంచి వచ్చినవే. ముగ్గురికీ తమ చుట్టూ జరుగుతున్న ఒక అన్యాయం కనిపిస్తోంది, ఏదో చేయాలని ఉంది, కానీ భయమో మొహమాటమో కాలికి అడ్డం పడుతోంది. రాసినవారి కోరిక మేరకు వారి పేర్లు, కాలనీల పేర్లు తీసివేశాము.

ప్రశ్న: మేడమ్, నమస్కారం. మేము ఉప్పల్ వైపు ఒక కాలనీలో ఉంటాము. నేను ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. మా కాలనీ వెనుక ఒక చిన్న చెరువు ఉంది. ఏటా సద్దుల బతుకమ్మ నాడు ఆడవాళ్లమంతా అక్కడికే వెళ్లి బతుకమ్మలను సాగనంపుతాము. కొంతకాలంగా రాత్రి పొద్దుపోయాక టిప్పర్లు వచ్చి, కూల్చిన ఇళ్ల మట్టి, కాంక్రీటు పెళ్లలు గట్టు పక్కన పోసి వెళ్తున్నాయి. పోయిన పండుగకు నీళ్ల దాకా దిగడానికి దారి కూడా మిగలలేదు. కాలనీ వాట్సాప్ గ్రూపులో ఈ విషయం రాసి, పంపకుండానే తుడిపేశాను. మర్నాడు మళ్లీ రాసి మళ్లీ తుడిపేశాను. ఆ టిప్పర్లు స్థానిక నాయకుడి మనుషులవని కొందరు అంటారు, నిజమో కాదో తెలియదు. ఆయన మనవలు మా పాఠశాలలోనే చదువుతున్నారు. మా వారు ‘మనకెందుకు వచ్చిన గొడవ, ఉద్యోగం చూసుకో’ అంటున్నారు. తరగతిలో చెరువుల పాఠం చెప్పేటప్పుడు నాకే చిన్నతనంగా ఉంటోంది. నాది పిరికితనమేనా?

జవాబు: అమ్మా, మీది పిరికితనమని నేను అనుకోవడం లేదు. మీలో రెండు వేర్వేరు భయాలు పెనవేసుకుని ఉన్నాయి, వాటిని విడదీసి చూసుకోకపోవడం వల్ల ఏది ఎంతటిదో మీకు తేలడం లేదు. టిప్పర్ల వాళ్లు పగబడతారేమో, ఉద్యోగం పోతుందేమో అన్నది ఒకటి. గ్రూపులో రాస్తే ఒక్కరూ పలకరేమో, పైగా ‘ఈవిడకెందుకీ పెత్తనం’ అనుకుంటారేమో అన్నది మరొకటి. మొదటి భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను, మిమ్మల్ని తీసుకోమనను. అయితే ఆ రెండుసార్లూ మీ వేలిని ఆపింది రెండోదేనని నా అనుమానం. మీరు తుడిపేసిన ఆ నాలుగు మాటలు ముందుగా చదివేది మీ పక్కింటివాళ్లే కదా. (గ్రూపులో పెట్టిన మాట స్క్రీన్‌షాటై ఎవరి ఫోనుకైనా చేరగలదన్నది కూడా నిజమే. గ్రూపులో రాయవద్దని నేను చెప్పబోయేది కొంత అందువల్లనే.)

1968లో అమెరికాలో జాన్ డార్లీ, బిబ్ లటానే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రకటించిన ఒక ప్రయోగం ఇక్కడ పనికివస్తుంది. గదిలో కూర్చుని కాగితాలు నింపుతున్న వ్యక్తి ఉండగానే గోడలోని సందు నుంచి పొగ వదిలారు. గదిలో ఒంటరిగా ఉన్నవారిలో 75 శాతం మంది బయటికి వెళ్లి సంగతి చెప్పారు. పొగ వచ్చినా పట్టనట్టు కూర్చోవాలని ముందే చెప్పిపెట్టిన మరో ఇద్దరిని పక్కన ఉంచినప్పుడు మాత్రం 10 శాతం మందే లేచారు. మిగిలినవారు దగ్గుతూ, కళ్లు నులుముకుంటూ, చేత్తో పొగను విసురుకుంటూ కాగితాలు నింపుతూనే కూర్చున్నారు. మీ కాలనీలో జరుగుతున్నది ఇంచుమించు ఇదే. రాత్రి టిప్పర్ చప్పుడు అందరికీ వినిపిస్తోంది, గట్టు పక్కన పెరుగుతున్న గుట్ట పొద్దున నడకకు వెళ్లే అందరికీ కనిపిస్తోంది. ఎవరూ మాట్లాడడం లేదు గనుక ఎవరికీ పట్టలేదని ప్రతి ఇంట్లోనూ అనుకుంటున్నారు, మీతో సహా.

కాబట్టి ఆ సందేశాన్ని గ్రూపులో పెట్టకండి. అందరినీ ఉద్దేశించి రాసిన మాట ఎవరినీ ఉద్దేశించినట్టు ఉండదు. వంద మంది చూసి, నలుగురు దండం బొమ్మ పెట్టి ఊరుకుంటే మీకు ఉన్న కాస్త ధైర్యమూ చల్లబడుతుంది. దానికి బదులు, పోయిన పండుగ నాడు దారి లేక మీతోపాటు ఇబ్బంది పడిన ఆడవాళ్లలో నలుగురైదుగురిని తలుచుకోండి. ఒక్కొక్కరి ఇంటికి విడిగా వెళ్లి, పేరు పెట్టి పిలిచి, ఒక్కొక్క పని అడగండి. ఒకరి డాబా మీది నుంచి చెరువు బాగా కనిపిస్తుంది, వారు పగటి వెలుతురులో వారానికొకసారి ఒకే చోటు నుంచి ఫోటో తీయగలరు. మరొకరి భర్త రెవెన్యూ శాఖలో పనిచేసి పదవీ విరమణ చేసి ఉంటారు, ఆయనకు సర్వే నంబరు ఎక్కడ దొరుకుతుందో తెలుస్తుంది. ‘చెరువును కాపాడుదాం రండి’ అంటే జంకేవారు, ‘మీ డాబా మీది నుంచి ఫోటో తీసిపెడతారా’ అంటే కాదనరు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా దుకాణాన్ని మూయించిన ఆడవాళ్ల సంగతి మీరు వినే ఉంటారు; వర్ధినేని రోశమ్మ పేరు అందరికీ తెలిసినదే. సారా కాంట్రాక్టర్ల మనుషులంటే ఆ రోజుల్లో పల్లెల్లో ఎంత హడలో చెప్పనవసరం లేదు. ఆ కథలో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది దుకాణం ముందు జరిగిన ఘట్టం కాదు, దానికి ముందు జరిగినది. అక్షరాస్యత తరగతుల పేరుతో ఆ ఆడవాళ్లు రాత్రిపూట ఒకచోట కూర్చోవడానికి, తమ ఇళ్లలోని కష్టం నలుగురిలో చెప్పుకోవడానికి అలవాటుపడ్డారు. ఆ కలయిక ఉంది గనుకనే ఎదిరించే రోజున ఒకరి వెనుక ఒకరు నిలబడగలిగారు. ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరులో ప్రభుత్వం సారాను నిషేధించింది. మీ కాలనీలో అలాంటి కలయిక బతుకమ్మ రూపంలో ఇప్పటికే ఉంది; తొమ్మిది రోజులు కలిసి ఆడినవాళ్లకు కొత్తగా సంఘం కట్టనవసరం లేదు.

ఇక నిజమైన ప్రమాదం మాట. 2010లో పుణె దగ్గర తళేగావ్‌లో భూముల అక్రమాలను సమాచార హక్కు చట్టం ద్వారా బయటపెట్టిన సతీశ్ శెట్టి హత్యకు గురయ్యారు. ఇలాంటివి జరిగిన దేశంలో ‘భయపడకండి, చట్టం మీ వెంట ఉంది’ అని తేలిగ్గా చెప్పే సలహాదారులను చూస్తే నాకు కోపం వస్తుంది. అందుకే మీరు చేయకూడనివి ముందు చెబుతాను. రాత్రిపూట టిప్పర్‌కు ఎదురు వెళ్లకండి, డ్రైవరుతో వాదించకండి, అతను కూలికి వచ్చినవాడు. నాయకుడి పేరును కాగితం మీదా, ఫోనులోనూ ఎక్కడా రాయకండి. అది ఆయన పని అని మీకు తెలియదని మీరే అన్నారు. మీ ఫిర్యాదు ‘ఫలానావారు పోస్తున్నారు’ అని కాకుండా ‘ఫలానా సర్వే నంబరులోని చెరువులో వ్యర్థాలు పడుతున్నాయి, తొలగించండి, ఆపండి’ అని ఉంటే చాలు. ఎవరు పోస్తున్నారో కనిపెట్టడం అధికారుల బాధ్యత, దాన్ని మీ నెత్తిన వేసుకోకండి.

పని ఎలా నడుస్తుందో తెలిస్తే కూడా భయం కొంత తగ్గుతుంది. చెరువు నిండినప్పుడు నీరు ఎక్కడి దాకా నిలుస్తుందో ఆ గీతను ఎఫ్‌టీఎల్ అంటారు. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకైతే ఆ గీత నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు బఫర్ జోన్‌గా, అంటే ఏ కట్టడమూ లేని ఖాళీ జాగాగా వదలాలి. హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) తన వెబ్‌సైటులో చెరువుల పటాలు పెట్టింది. మీ చెరువు పటం అక్కడ ఉందేమో చూసి, దాని గుర్తింపు సంఖ్యను ఫిర్యాదులో రాయండి. ‘మా వెనుక చెరువు’ అని రాసిన అర్జీకీ, సంఖ్యతో రాసిన అర్జీకీ ఆఫీసులో దొరికే మర్యాద వేరుగా ఉంటుంది. కలెక్టరేటులో సోమవారం జరిగే ప్రజావాణిలో ఇస్తే రసీదు తప్పక అడిగి తీసుకోండి. చెరువుల ఆక్రమణలను చూడడానికి 2024 జూలైలో ఏర్పడిన హైడ్రాకు కూడా ఒక ప్రతి పంపవచ్చు. అర్జీ మీద ఒక్క మీ సంతకమే ఉండకూడదు. ఇరవై సంతకాలున్న కాగితంలో మీది పదకొండోదో పన్నెండోదో అయితే మీ యాజమాన్యానికి మిమ్మల్ని వేలెత్తి చూపడం కష్టం.

నెల గడిచినా కదలిక లేకపోతే సమాచార హక్కు దరఖాస్తు వేయవచ్చు. పది రూపాయల రుసుము, తెలుగులోనే రాయవచ్చు, ఎందుకు అడుగుతున్నారో చెప్పనవసరం లేదు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ‘ఎందుకు చర్య తీసుకోలేదు’ అని అడిగితే తప్పించుకునే జవాబు వస్తుంది. ‘మా ఫిర్యాదు మీద రాసిన నోట్ ఫైలు నకలు, తనిఖీ నివేదిక నకలు ఇవ్వండి’ అని అడగండి. దరఖాస్తులో ఇంటి చిరునామా ఇవ్వడానికి జంకు ఉంటే పోస్టు బాక్సు నంబరు ఇస్తే సరిపోతుందని 2013లో కలకత్తా హైకోర్టు చెప్పింది, మరుసటి ఏడాది కేంద్ర ప్రభుత్వం ఆ తీర్పును శాఖలన్నిటికీ పంపింది. ఇంకొక పద్ధతి, అదే దరఖాస్తును ఇద్దరు ముగ్గురు వేర్వేరు చిరునామాల నుంచి వేయడం.

మీ వారిని ఒప్పించాలని పట్టుబట్టకండి. ‘మనకెందుకు’ అనేవారిలో చాలామంది అన్యాయాన్ని సమర్థించేవారు కారు, ఇంటికి ముప్పు వస్తుందని ఊహించుకుని ముందే తలుపు వేసుకునేవారు. ఏం జరుగుతుందని ఆయన భయమో ఒక సాయంత్రం తీరిగ్గా అడగండి. ఆయన చెప్పినవాటిలో నిజంగా జరిగే అవకాశం ఉన్నవాటికి మీ ఇద్దరూ కలిసే జాగ్రత్తలు ఆలోచించుకోవచ్చు. అన్నీ చూసుకున్నాక, ఉద్యోగం పోతే ఇల్లు గడవదు, ఇప్పుడు సంతకం పెట్టలేను అని మీకు అనిపిస్తే పెట్టకండి. పటం వెతకడం, అర్జీ రాసిపెట్టడం మీరు చేయండి, సంతకం మరొకరు పెడతారు. ఉపాధ్యాయురాలి చేతిరాతతో, తప్పులు లేని భాషతో వచ్చిన అర్జీ ఆ కాలనీకి తక్కువ సహాయమేమీ కాదు.

ప్రశ్న: మేడమ్ గారికి, మాది నాగర్‌కర్నూల్ జిల్లాలో ఒక పల్లె. కోఠిలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఆదివారాలు చాదర్‌ఘాట్ వైపు మూసీ పక్కన ఉన్న బస్తీకి వెళ్లి రేషన్ కార్డులు, పింఛన్ల దరఖాస్తులు నింపిపెట్టే ఒక విద్యార్థుల బృందంలో చేరాను. బృందం సమావేశాలు ఎక్కువగా ఇంగ్లిషులో జరుగుతాయి. ఒకసారి నేను మా ఊరి మాటలో ఏదో చెబితే ఒకమ్మాయి దాన్ని అలాగే తిరిగి పలికింది, అందరూ నవ్వారు. అప్పటి నుంచి వెనుక వరుసలో కూర్చుని కుర్చీలు సర్ది వస్తున్నాను. మానేద్దామా అనిపిస్తోంది. కానీ బస్తీలో ముసలమ్మలు నా కోసం ఎదురు చూస్తారు.

జవాబు: మీ చివరి వాక్యంలోనే సగం జవాబు ఉంది. మీరు రాసిన బస్తీకి ఆ బృందంలో అందరికన్నా ఎక్కువ అవసరమైనవారు మీరే. పింఛను ఎందుకు ఆగిందో ఒక ముసలమ్మ చేత చెప్పించడానికి కావలసిన భాష మీ దగ్గర ఉంది, వాళ్ల దగ్గర లేదు. వాళ్లు నవ్వింది చెడ్డ మనసుతో కాకపోవచ్చు, అయినా అది తప్పే. మీరు సర్దుకుపోవాలని నేను చెప్పను.

మీరు చదివే కోఠికి దగ్గరలోనే, జాంబాగ్‌లో వివేకవర్ధని విద్యాసంస్థ ఉంది. 1921 నవంబరులో అక్కడ నిజాం రాష్ట్ర సంఘ సంస్కరణ సభ జరిగింది. అధ్యక్షులు మహర్షి కర్వే, స్త్రీ విద్య కోసం జీవితం ధారపోసినవారు. ఉర్దూ, మరాఠీ, ఇంగ్లిషు ప్రసంగాలను శ్రద్ధగా విన్న ఆ సభ, న్యాయవాది ఆలంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోతే చప్పట్లు కొట్టి, గోల చేసి ఆయనను మాట్లాడనివ్వలేదు. సంఘాన్ని సంస్కరించడానికి కూడినవారే అలా చేశారన్నది గమనించండి. సభలోని తెలుగువారు కొద్దిమంది ఆ రాత్రే టేకుమాల రంగారావు గారి ఇంట్లో కూర్చుని ఆంధ్ర జన సంఘాన్ని స్థాపించుకున్నారు. ఆ సంఘమే పెరిగి ఆంధ్ర మహాసభ అయింది, 1930లో సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన జోగిపేటలో మొదటి మహాసభ జరుపుకుంది. ఆనాడు గోల చేసినవారి పేర్లు ఎవరికీ గుర్తు లేవు.

వాళ్లలా మీరూ వేరే సంఘం పెట్టుకోవాలని నా ఉద్దేశం కాదు. ఆ రాత్రి ఆ కొద్దిమంది చేసినట్టు మీకు తోడుగా ఒకరిద్దరిని వెతుక్కోవడం మాత్రం అవసరం. వెనుక వరుసలో మీలాగే మాట్లాడకుండా కూర్చునేవారు తప్పక ఉంటారు, ఒకరు ఉర్దూ మాధ్యమంలో చదివినవారై ఉంటారు, మరొకరు మరో పల్లె నుంచి వచ్చినవారై ఉంటారు. సమావేశానికి ముందు వారితో మాట్లాడుకుని, బస్తీ నివేదిక తెలుగులోనూ ఉర్దూలోనూ చదవాలని ముగ్గురూ కలిసి కోరండి. మొదటిసారి మాట్లాడేటప్పుడు అభిప్రాయం చెప్పకండి, లెక్క చెప్పండి: ఈ వారం ఎన్ని ఇళ్లకు వెళ్లాము, ఎన్ని దరఖాస్తులు తిరిగి వచ్చాయి, ఏ కాగితం లేక వచ్చాయి. చేతిలో కాగితం ఉంటే గొంతు తక్కువ వణుకుతుంది, అలాంటి వివరాలు చదివేవారిని చూసి నవ్వడానికి ఎవరికీ మనసొప్పదు.

ఇంకొక మాట. ఈ నగరంలోనే భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలిని స్థాపించి దళిత వాడల్లో పని మొదలుపెట్టినప్పుడు, జనం అప్పటికే ఇష్టంగా వినే హరికథల ద్వారా వారి దగ్గరికి వెళ్లారు. మీరు చిన్నచూపు చూసుకుంటున్న మీ ఊరి మాట బస్తీలో అలా పనికి వస్తుంది. కుర్చీలు సర్దడం కూడా అవసరమైన పనే, అయితే ప్రతి వారం మీరే ఎందుకు సర్దాలో ఒకసారి అడగండి. ఈ పని వంతుల వారీగా పెట్టుకుందామని మీరు అనే రోజున మీ సంకోచం చాలావరకు పోయి ఉంటుంది.

ప్రశ్న: మాది గచ్చిబౌలి వైపు అపార్ట్‌మెంటు. పక్క ఫ్లాటులో పదకొండు, పన్నెండేళ్ల అమ్మాయి పనిచేస్తోంది. పొద్దున నేను ఆఫీసుకు వెళ్లేటప్పుడు ఆ పిల్ల కారు తుడుస్తూ కనిపిస్తుంది. ఆ దంపతులు మాకు బాగా కావలసినవారు. నేరుగా అడిగితే స్నేహం చెడుతుంది, ఊరుకుంటే నిద్ర పట్టడం లేదు.

జవాబు: నేరుగా అడగకండి. స్నేహం చెడుతుందని కాదు, అడిగిన మర్నాడే ఆ పిల్లను మరో ఊరికో మరో ఇంటికో పంపేయవచ్చు, అప్పుడు ఎవరికీ దొరకదు. 1098కి ఫోన్ చేయండి. అది పిల్లల కోసం ఇరవై నాలుగు గంటలూ పనిచేసే ఉచిత నంబరు. మీ పేరు గోప్యంగా ఉంచమని చెప్పండి. ఫ్లాటు నంబరు, పిల్ల ఏ వేళల్లో ఇంట్లో ఉంటుంది, బయటికి వెళ్లనిస్తున్నారా లేదా అన్నవి చెబితే చాలు. ఫోటో తీసి గ్రూపుల్లో పెట్టడం మాత్రం చేయవద్దు, పిల్ల గుర్తింపును బయటపెట్టడం చట్టరీత్యా నేరం.

ఇళ్లలో పనికి పద్నాలుగేళ్ల లోపు పిల్లలను పెట్టుకోవడం 2006 అక్టోబరు నుంచే నిషేధం. 2016 సవరణ తర్వాత ఆ వయసు పిల్లలను ఏ పనిలో పెట్టుకున్నా, బడి వేళల తర్వాత సొంత కుటుంబానికి చేసే సాయం వంటి కొద్దిపాటి మినహాయింపులు తప్ప, యజమానికి ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు, లేదా 20 వేల నుంచి 50 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ‘ఇక్కడైతే కనీసం తిండి దొరుకుతుంది, ఇంటికి పంపితే పస్తులుంటుంది’ అన్న మాట మీకూ వినిపిస్తుంది, చదువుకున్నవాళ్లే ఎక్కువగా అంటారు. పేద తల్లిదండ్రులు పిల్లలను బడికి పంపరన్న ఈ నమ్మకాన్ని 1991 నుంచి రంగారెడ్డి జిల్లా గ్రామాల్లో శాంతా సిన్హా గారు, ఎం.వి. ఫౌండేషన్ కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి తప్పని నిరూపించారు. పనిలోంచి తెచ్చిన పిల్లలను శిబిరాల్లో చదివించి, వయసుకు తగిన తరగతిలో చేర్చారు. మీ పక్క ఫ్లాటు పిల్లను కూడా ఇరవై నాలుగు గంటల్లోగా బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి, ఆ తర్వాత ఎక్కడ ఉంచాలో, తల్లిదండ్రులకు ఎప్పుడు అప్పగించాలో ఆ సమితి నిర్ణయిస్తుంది. వారం పది రోజుల తర్వాత మరోసారి ఫోన్ చేసి ఏమైందో కనుక్కోండి. ఒక్క ఫోనుతో ఆగిపోయిన ఫిర్యాదులు చాలా ఉంటాయి.

ఆ దంపతులతో లిఫ్టులో ఎదురుపడినప్పుడు ఏం మాట్లాడాలో ఆ తర్వాత ఆలోచిద్దురు గాని, ముందు ఫోన్ చేయండి. ఈ సంచిక మీ చేతికి వచ్చేదాకా ఆగారంటేనే ఆలస్యమైంది.